పశువు కింద పొడి పక్క



మా ఊరు యానాంలోని దరియాలతిప్ప. తిప్ప అంటే ఏమిటో గోదావరి ఒడ్డున ఉండే మీకు వేరే చెప్పనక్కరలేదు. చుట్టూ నీరు, మధ్యన కాస్త ఎత్తయిన నేల. మన పెద్దలు ఆ ఎత్తు చూసుకునే ఇళ్ళు కట్టుకున్నారు. మరి మన పెరట్లో, పాకలో కట్టేసిన గేదెకు అలాంటి ఎత్తూ, పొడీ దొరుకుతున్నాయా? ఈ పూట మీతో మాట్లాడదలచుకున్నది దాని గురించే.

నేను పశువైద్యుణ్ణి కాను, బడిపంతుల్ని. అయితే మా ఇంట్లో జరిగిన ఒక నష్టం నాకు ఈ పాఠం నేర్పింది. అది మీకు జరగకూడదని చెబుతున్నాను.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటికి మా గేదె ఈని నెల రోజులయింది. పాక కప్పు ఎగిరిపోయింది గాని గేదె, దూడ దక్కాయి. ‘బతికి బయటపడ్డాయి, అంతే చాలు’ అనుకున్నాం. ఇంటి కప్పు వేసుకోవడం, బియ్యం చూసుకోవడం, ఈ గొడవలో పాక మాట వెనకబడింది. మూడు వారాలపాటు ఆ గేదె పేడా మూత్రమూ కలిసిన చిత్తడిలోనే పడుకుంది. ఒకరోజు పాలు తీయబోతే అమ్మను తన్నింది. ఎన్నడూ తన్నని గొడ్డు. చూస్తే పొదుగులో ఒక భాగం రాయిలా గట్టిపడి ఉంది. పాలలో విరిగిన పెరుగులాంటి తునకలు వచ్చాయి. వైద్యం అందేసరికి ఆ చన్ను ఎండిపోయింది. ‘మూడు చన్నుల గేదె’ అని బేరగాళ్ళు సగం ధరకు అడిగారు. తుఫానులో దక్కిన గేదెను తడి పక్కలో పోగొట్టుకున్నామని మా అమ్మ చాలాకాలం బాధపడింది.

అప్పుడు మాకు తాత వరసయ్యే పెద్దాయన ఒకరు చూడవచ్చారు. ఆయన కాకినాడలో జట్కా తోలి బతికిన మనిషి. పాకలోకి వెళ్ళి వంగి, నేల మీద అరచెయ్యి ఆనించి, చెయ్యి మాకు చూపించారు. “నా గుర్రాన్ని ఇలాంటి చోట నాలుగు రోజులు కడితే కుంటేది. బండి ఆగేది. నా కూడు ఆగేది. అందుకని నేను రోజూ చూసుకునేవాణ్ణి. గేదె కుంటదు కదా అని మీరు చూసుకోలేదర్రా” అన్నారు.

ఆ మాటలో ఎంత నిజం ఉందో తరవాత చదువుకుంటే తెలిసింది. గుర్రం నిలబడే కునుకు తీయగలదు. రోజులో ఎక్కువ భాగం కాళ్ళ మీదే ఉంటుంది కనుక, కింద తడి ఉంటే దానికి ముందు చెడేది గిట్ట. గిట్ట అడుగున మధ్యలో మెత్తగా, ముక్కోణంలా ఉండే భాగం నల్లబడి, కుళ్ళు వాసన కొడుతుంది. అలాగని గుర్రం అసలు పడుకోదని కాదు. గాఢనిద్రకు అదీ రోజులో కాసేపు పడుకోవలసిందే. పక్క బాగుండకపోతే పడుకోదు, నీరసిస్తుంది. అందుకే జట్కావాళ్ళు రోజూ గిట్టలు ఎత్తి శుభ్రం చేసేవారు, లాడాలు చూసుకునేవారు, తడిసిన గడ్డి తీసి పొడిగడ్డి వేసేవారు. మన ఊళ్ళలో జట్కాలు కనుమరుగయ్యాయి. ఊరేగింపులకు గుర్రాన్ని పెంచుకునే వారెవరైనా వింటూ ఉంటే వారికి ఈనాటికీ ఇదే పద్ధతి.

గేదె సంగతి వేరు. అది రోజులో చాలా గంటలు పడుకునే నెమరు వేస్తుంది. పడుకున్నప్పుడు నేలకు ఆనేది పొదుగు. కాబట్టి తడి పక్కలో గుర్రానికి ముందు గిట్ట చెడితే, గేదెకు ముందు పొదుగు చెడుతుంది. గిట్ట నొప్పి నడకలో వెంటనే కనబడుతుంది. పొదుగు జబ్బు లోలోపల పాకి, కనబడేసరికి ఆలస్యమైపోతుంది.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. “మాస్టారూ, గేదె బురదలో పొర్లే జంతువు కదా! దానికి పొడి పక్క ఏమిటి?” అని. మంచి ప్రశ్నే. గేదెకు చెమట గ్రంథులు తక్కువ. నల్లటి చర్మం ఎండను పీల్చుకుంటుంది. ఒళ్ళు చల్లబరుచుకోవడానికీ, ఈగలనూ దోమలనూ తప్పించుకోవడానికీ అది నీళ్ళలో దిగుతుంది, బురద పూసుకుంటుంది. అది దాని ఇష్టం మీద, పగటిపూట, కాసేపు చేసే స్నానం. బయటికి వచ్చాక ఒళ్ళు ఆరుతుంది. రాత్రి పాకలో పలుపుతాడుతో కట్టేశాక అలా కాదు. ఎక్కడ మూత్రం పోసిందో అక్కడే పడుకోవాలి. తెల్లవారేదాకా తప్పించుకునే దారి లేదు. మనం చెరువులో స్నానం చేస్తాం, అలాగని తడి మంచం మీద పడుకోం కదా!

మంచం అంటే గుర్తుకు వచ్చింది. యానాంలో ఫ్రెంచి చదువుకున్న వాళ్ళకు తెలుసు, ఆ భాషలో పశువు కింద పరిచే గడ్డికి ‘లితియేర్’ అని వేరే పేరే ఉంది. ‘లి’ అంటే మంచం. ఆ మాట అందులోంచి పుట్టినదే. పశువుకూ పక్క వేయాలన్న ఆలోచన ఆ మాటలోనే ఉంది. మన ఇళ్ళలో గడ్డి అనగానే మేత గుర్తుకు వస్తుంది, పక్క గుర్తుకు రాదు.

పెద్ద గేదె రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. మూత్రం 10 లీటర్లకు తగ్గదు. మూత్రంలోని యూరియా, పేడలోని సూక్ష్మజీవులు కలిస్తే అమ్మోనియా వాయువు పుడుతుంది. ముక్కును పొడిచే ఆ ఘాటు మనకు నిలబడితే అంతగా తెలియదు. గేదె పడుకున్నప్పుడు దాని ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు వంగి ఊపిరి పీల్చండి. మీ కళ్ళు మండితే, మీ గొడ్డు రాత్రంతా ఆ గాలే పీల్చిందని అర్థం.

సరే, ఏం చేయాలి? మొదటిది నేల. పాక నేల చుట్టుపక్కల కన్నా ఎత్తుగా ఉండాలి. ముందు నుంచి వెనక్కి నాలుగు అడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు ఇస్తే చాలు, మూత్రం దానంతట అదే వెనక కాలువలోకి దిగుతుంది. అంతకన్నా ఎక్కువ వాలు వద్దు, చూడి గేదె జారుతుంది. నేల గుంటలు పడితే ఎప్పటికప్పుడు మట్టి పోసి దిమ్మిసా చేయండి. సిమెంటు నేల అయితే కడగడం సులువే గాని, నున్నగా ఉంటే కాలు జారుతుంది, పక్క లేకపోతే మోకాళ్ళు ఒరుసుకుపోతాయి.

రెండవది పక్క. మన ప్రాంతంలో దొరికేవి నాలుగైదు ఉన్నాయి. ఎండు వరిగడ్డి తన బరువుకు రెండు మూడు రెట్లు తడి పీల్చుకుంటుంది. జానెడు ముక్కలుగా కోసి వేస్తే ఇంకా మంచిది. కోనసీమ వైపు పీచు మిల్లుల దగ్గర దొరికే కొబ్బరిపొట్టు అంతకు రెట్టింపు పైగా పీలుస్తుంది, కాని బాగా ఎండబెట్టాకే వాడాలి. ఊక మెత్తగా ఉంటుంది గాని తడిని అంతగా పీల్చదు. అడుగున ఊక, పైన గడ్డి వేయడం మంచి పద్ధతి. రంపపు పొట్టు పచ్చి దుంగలది, తడిసినది వాడవద్దు. అందులో పొదుగువాపు తెచ్చే సూక్ష్మజీవులు తేలిగ్గా పెరుగుతాయి. ఇక శుభ్రమైన ఏటి ఇసుక. అందులో సూక్ష్మజీవులకు తిండి ఉండదు కనుక పొదుగుకు ఇసుక పక్క చాలా మంచిదని పాడి నిపుణులు చెబుతారు. పేడ ఎప్పటికప్పుడు ఎత్తేస్తూ, పై పొర మారుస్తూ ఉండాలి.

ఒక్క హెచ్చరిక. వానలో తడిసి బూజు పట్టిన గడ్డిని మేతకు పనికిరాదని పక్కకు వేయడం మనకు అలవాటు. పక్కకు వేసినదీ గేదె నోట పెడుతుంది. బూజు వరిగడ్డి తిన్న గేదెలకు తోక చివర, చెవుల చివర, గిట్టల పైన చర్మం ఎండి కుళ్ళిపోయే జబ్బు వస్తుంది. దాన్ని డెగ్నాలా జబ్బు అంటారు. ఈ రోజుల్లో యంత్రంతో కోసిన చేలో గడ్డి రోజుల తరబడి మంచుకు, వానకు పడి ఉంటోంది కనుక ఈ జాగ్రత్త మరీ అవసరం. బూజు గడ్డిని నేరుగా పెంటగోతిలో వేయండి.

మూడవది రోజువారీ పని. పొద్దున్నే పేడ తీయండి. తడిసిన గడ్డిని మాత్రమే ఏరి బయట పడేయండి, పొడిగా ఉన్నది పక్కకు తోసి ఎండనివ్వండి. సాయంత్రం పాలు తీయక ముందే కొత్త గడ్డి పరవండి. తరవాత మోకాలు ఆనించి చూడండి. పక్క మీద కాసేపు మోకరిల్లి లేచినప్పుడు బట్ట తడిస్తే ఇంకొంచెం గడ్డి కావాలి. తడవకపోతే సరిపోయింది. ఇందుకు ఖర్చు లేదు, యంత్రం అక్కరలేదు.

పాలు తీయగానే చన్ను రంధ్రం వెంటనే మూసుకోదు. అరగంట, గంట పడుతుంది. ఆ సమయంలో గేదె పడుకుంటే మురికి లోపలికి పోయే దారి దొరుకుతుంది. అందుకని పాలు తీశాక మేత వేయండి, తింటూ నిలబడుతుంది. మొదటి రెండు ధారలు నల్లటి గుడ్డ మీద పిండి చూడండి. తునకలు కనిపిస్తే ఆ పూటే పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. రేపు చూద్దాం అనుకోవద్దు. మేము అనుకున్నాం.

సున్నం గురించి ఒక మాట. చాలామంది వాసన పోతుందని తడి పక్క మీదే సున్నం చల్లుతారు. అలా చేస్తే అమ్మోనియా మరింత ఎక్కువగా లేస్తుంది. ముందు తడి పక్క ఎత్తేసి, నేల ఆరబెట్టి, అప్పుడు పలచగా సున్నం చల్లాలి. దోమలకు వేపాకు పొగ వేసేవారు పాక మూసేసి వేయవద్దు, గొడ్డు ఉక్కిరిబిక్కిరవుతుంది. గోదావరి జిల్లాల్లో కొందరు రైతులు పశువులకు దోమతెరలు కడుతున్నారు. అది మేలు.

గిట్టల సందులు వానాకాలంలో వారానికి రెండుసార్లయినా కడిగి చూడండి. పుండు, వాసన కనిపిస్తే 20 లీటర్ల నీటికి ఒక కిలో చొప్పున మైలుతుత్తం కలిపి, అందులో గిట్టలు మునిగేలా కాసేపు నిలబెట్టవచ్చు. ఆ నీళ్ళు గేదె తాగకుండా చూడాలి. తరవాత వాటిని కాలువలోకో, చెరువులోకో పారబోయవద్దు. రాగి చేపలకూ రొయ్యలకూ విషం. మన పక్కింటివారి బతుకు ఆ నీటిలోనే ఉంది. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి, గొంతువాపు టీకా వానలకు ముందు వేయించడం మరవకండి.

వరదలు మనకు కొత్త కాదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినప్పుడు యానాం వీధులు మునిగాయి. నీరు తీశాక పాకలోని ఒండ్రు మీదే గడ్డి పరవవద్దు. ఒండ్రు ఎత్తి, కడిగి, ఆరనిచ్చి, సున్నం చల్లి, అప్పుడు పక్క వేయండి. అంతవరకూ గొడ్డును గట్టు మీదో, రోడ్డు వారనో పొడి నేల మీద కట్టండి. ఆ పని చేసేటప్పుడు కాళ్ళకు బూట్లు వేసుకోండి. వరద నీటిలో పుండున్న కాలు పెడితే మనిషికి ఎలుకజ్వరం రావచ్చు.

‘ఇంత గడ్డి పక్కకు వేస్తే మేతకు ఏం మిగులుతుంది?’ అని మీరు అడగవచ్చు. పక్క గడ్డి వృథా కాదు. పేడలో కన్నా మూత్రంలో నత్రజని ఎక్కువ. అది నేలలోకి ఇంకిపోతే కంపు, గడ్డి పీల్చుకుంటే ఎరువు. ఆ గడ్డి గోతిలో వేసి పైన మట్టి కప్పితే, కొబ్బరిచెట్టుకూ కూరపాదుకూ అంతకన్నా బలం ఉండదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ మా ఊళ్ళాంటి చోట ఒక గేదె పాలు ఒక ఇంటి ఉప్పూ పప్పూ, పిల్లల పుస్తకాలూ. నిషేధం ముగిసి పడవ కదిలేవేళకే వానలు మొదలవుతాయి. మగవాళ్ళు నీటి మీదికి వెళతారు. పాక పని అంతా ఇంట్లోని అక్కచెల్లెళ్ళ మీద పడుతుంది. అందుకని మగవాళ్ళకు నా మనవి. పడవకు తారు పూసుకునే ఆ రోజుల్లోనే ఒక్క పూట పాకకు కేటాయించండి. నాలుగు తట్టల మట్టి పోసి నేల ఎత్తు చేయండి. పొడిగడ్డి కాస్త అటక మీద దాచండి. మనం తిప్ప చూసుకుని ఇల్లు కట్టుకున్నట్టే, మన గొడ్డుకూ పాకలో ఒక చిన్న తిప్ప కట్టిద్దాం.

ఈ సాయంత్రం పాకలోకి వెళ్ళినప్పుడు ఒక్కసారి మోకాలు ఆనించి చూడండి. ఆ తరవాత ఏం చేయాలో మీకే తెలుస్తుంది.