అద్దకం అచ్చులు



ఈ రోజు పాఠం పుస్తకంలో లేదు. మన సంఘం పైసలతో కొన్న చెక్క అచ్చుల గురించి మాట్లాడుకుందాం.

పోయిన నెల ఏమైంది? చీరలకు అద్దకం అయినంక బార్డర్ అచ్చును రాత్రంతా బకెట్ నీళ్లలో ఉంచినం. పొద్దున ఎండలో పెట్టినం. జల్ది ఆరుతదని ఎండలో పెట్టమన్నది నేనే. సాయంత్రానికి చెక్క వంగింది. అంచున పగిలింది. ఆ అచ్చుతో అద్దితే పువ్వుకు ఒక రెక్క పడలేదు. రెండు చీరలు వాపస్ వచ్చినయి. తప్పు నాది. అందుకే తెలుసుకొని వచ్చిన.

కృష్ణా జిల్లాలో మచిలీపట్నం దగ్గర పెడన అనే ఊరు ఉంది. అక్కడ కలంకారీ బట్టలు చేస్తరు. పేరులో కలం ఉంది గని, అక్కడి పని ఎక్కువగా అచ్చులతోనే. అచ్చులను టేకు చెక్కతో చెక్కుతరు. టేకు సంగతి మన పాత ఆదిలాబాద్ జిల్లా వాళ్లకు ఒకరు చెప్పాల్నా! గట్టి చెక్క. అయినా నీళ్లలో నానితే ఉబ్బుతది. ఎండకు ఒక్కసారే ఆరితే పగులుతది. అందుకే కొత్త అచ్చును ముందుగాల కొన్ని రోజులు నూనెలో నానబెడతరు. తర్వాత నూనె మంచిగ తుడిచి వాడుతరు. తుడవకుంటే రంగు పట్టదు.

పని కాంగనే అచ్చు కడగాలె. అన్నం తిన్నంక చూద్దామంటే కుదరదు. మనం కొనే రంగులో బైండర్ అనే జిగురు కలుపుతం. అది ఆరితే సందులల్ల రాయి లెక్క గట్టిపడుతది. అప్పుడు సూదితో గీకుతం. సన్న గీత విరుగుతది. విరిగిన గీత మళ్ల అతకదు. పాత పండ్ల బ్రష్‌తో మెల్లగ రుద్దితే చాలు. అచ్చుకు చిన్న తూట్లు ఉంటయి. అవి గాలి పోవడానికి. అవి మూసుకపోకుండ చూడాలె.

కడిగినంక బట్టతో అద్ది, నీడలో అంచు మీద నిలబెట్టాలె. పొయ్యి దగ్గర వద్దు. పెట్టెలో పెట్టేటప్పుడు చెక్కిన ముఖం పైకి ఉండాలె. మీద బరువు పెట్టొద్దు. పెట్టెను నేల మీద పెడితే చెద పడుతది. రెండు ఇటుకల మీద పెట్టండి.

ఇంకొక మాట. ఏ రంగు అచ్చు ఆ రంగుకే. పెడన పనిలో ఎరుపుకు పటిక కావాలె. నలుపుకు ఇనుప తుప్పు, బెల్లం కలిపి నానబెట్టిన నీళ్లు కావాలె. పటిక అచ్చుకు ఆ ఇనుప నీళ్లు కొంచెం తగిలినా ఎరుపు నల్లబడుతది. మన దగ్గర కూడా మొన్న పసుపు పువ్వులో నీలం కలిసి పచ్చగ అయింది కద!

మరి ఏ అచ్చు ఏ రంగుదో ఎట్ల గుర్తు పట్టాలె? మీకు ఇప్పుడు రాయ వస్తది. అచ్చు వెనుక రంగు పేరు రాయండి. కింద నంబరు వేయండి. పెట్టె మూతకు ఒక కాగితం అతికిద్దాం. అచ్చు తీసుకపోయినవాళ్లు నంబరు, తారీఖు, తమ పేరు రాయాలె. వేలిముద్ర వద్దు.

పెట్టె తెచ్చిన. మొత్తం పదకొండు అచ్చులు ఉన్నయి. పెన్ను ఎవరి దగ్గర ఉంది?