ఇంటి ముందు గోడ
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ విషయంలో మనలో ప్రతి ఒక్కరూ పండితులే కనుక నేను ఇంటి ముందు గోడ గురించి మాట్లాడదలిచాను. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్‌లలో పి.ఎఫ్. లోను పెట్టి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళే ఇక్కడ ఎక్కువమంది. అందుచేత ఇది అందరికీ పనికొచ్చే సంగతే అనుకుంటున్నాను.

నాచారంలో నేను రెండు వందల గజాల ప్లాటు కొన్నది 1984లో. మూల ప్లాటు. ముందు 36 అడుగులు, పక్క 50 అడుగులు. అప్పుడు మాది రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. జిల్లా మారింది గాని ఇల్లు అంగుళం కదలలేదు. గోడ మాత్రం కదిలింది, ఆ కథే చెప్పబోతున్నాను.

ఇల్లు కట్టిన కొత్తలో గోడ లేదు. రాతి కడీలు పాతి ముళ్ళతీగ లాగాం. తీగ వెంబడి గోరింట, మందారం. ఎవరింట్లో ఏం కూరో, ఎవరి పిల్లవాడికి లెక్కల్లో ఎన్ని మార్కులో అన్నీ తీగ మీదుగానే తెలిసిపోయేవి. లేఅవుటు కాగితంలో మా ముందు రోడ్డు 25 అడుగులు. కానీ రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసినవాడు లేడు. చుట్టూ ఖాళీ జాగాలే కదా!

1991లో గోడ కట్టించాను. మేస్త్రీ తాడు లాగుతూ, "సార్, అందరు ముందుకొచ్చిన్రు. మీరొక్కరే ఎనుకకుంటే ఏమొస్తది?" అన్నాడు. ఆఫీసులో ఇతరుల దరఖాస్తుల మీద "నిబంధనలు అంగీకరించవు" అని ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. ఆ చేతితోనే తాడు అడుగున్నర ముందుకు జరపమని సైగ చేశాను. ఆరున్నర అడుగుల ఎత్తు గోడ, పైన గాజు పెంకులు. ఆ అడుగున్నర జాగాలో మా ఆవిడ తులసికోట కట్టించుకుంది.

ఏళ్ళు గడిచాయి. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల పన్నెండు మునిసిపాలిటీలు హైదరాబాదు కార్పొరేషన్‌లో కలిసి గ్రేటర్ అయింది. వాటిలో మన ఉప్పల్ కలాన్, కాప్రా కూడా ఉన్నాయి. ఖాళీ జాగాలన్నీ అపార్టుమెంట్లయ్యాయి. ఇంటికో కారు, కారుకో ర్యాంపు వచ్చాయి.

2013లో ఒక రాత్రి రెండు గంటలప్పుడు మా వెనుక గల్లీలో ఉండే రిటైర్డు పంతులు గారికి గుండెనొప్పి వచ్చింది. 108 బండి ఇరవై నిమిషాల్లోనే వచ్చింది. వచ్చి మా మూల దగ్గర ఆగిపోయింది. ఒక పక్క నా గోడ, ఇంకో పక్క ఎదురింటి వారి ర్యాంపు, దాని కింద నిలిపిన కారు. డ్రైవరు మూడుసార్లు ముందుకు వెనక్కు చేశాడు, బండి తిరగలేదు. చివరికి పంతులు గారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. కుర్చీ ఒక కాలు నేనే పట్టుకున్నాను. మా గోడ పక్కనుంచి వస్తూంటే నా మోచెయ్యి ఆ గోడకే గీసుకుపోయింది.

దేవుడి దయవల్ల ఆయన బతికి వచ్చారు. నెల తర్వాత మా ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్ళారు. గోడ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు చివాట్లు పెట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

మర్నాడు టేపు పెట్టి కొలిచాను. ఇరవై ఐదు అడుగుల రోడ్డు ఇరవైన్నరకు దిగింది. నాది అడుగున్నర, ఎదురింటి ర్యాంపు మూడడుగులు. అప్పుడు కూర్చుని నిబంధనలు చదివాను. ఉద్యోగంలో ఉండగా చదవాల్సినవి పింఛనులో చదివాననుకోండి.

1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 402వ సెక్షన్ ప్రకారం వీధికి అడ్డం వచ్చే కట్టడం ఏదీ పెట్టరాదు. 405వ సెక్షన్ ప్రకారం అలాంటిదాన్ని కమిషనరు గారు నోటీసు లేకుండానే తీయించవచ్చు. మనం "నోటీసు వస్తే చూద్దాం లే" అనుకుంటాం కదా, ఆ నోటీసు అసలు రానక్కరలేదన్నమాట. ఇక 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168, అవే మన భవన నిర్మాణ నియమాలు. రెండు వందల గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. ఆ కొలతకు, మామూలు కాలనీ రోడ్డు మీద, ఇంటి ముందు మీటరున్నర, అంటే దాదాపు ఐదడుగులు వదలాలి. ఇక్కడే మనవాళ్ళు పొరబడతారు. ఆ ఐదడుగులు మన ప్లాటు హద్దు నుంచి లోపలికి కొలవాలి, రోడ్డు మీదికి జరిపిన గోడ నుంచి కాదు. మూల ప్లాటువారు మలుపు దగ్గర గోడ మూలను కోసి వదలాలి కూడా.

ఎత్తు సంగతి జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో ఉంది. అది మార్గదర్శకం మాత్రమే, రాష్ట్ర నియమాలదే చివరి మాట. అయినా చదివితే మనసుకు పట్టింది. వీధి గోడ ముందు రోడ్డు మధ్య మట్టం నుంచి మీటరున్నర మించకూడదు. పై తొంభై సెంటీమీటర్లు గ్రిల్లులా గాలి, చూపు ఆడేటట్టు పెడితే 2.4 మీటర్ల దాకా వెళ్ళవచ్చు. మూల ప్లాటయితే మలుపు నుంచి రెండు వైపులా పది మీటర్ల పొడవున గోడ ముప్పావు మీటరే, అంటే రెండున్నర అడుగులే. ఆ పైన కావాలంటే మరో ముప్పావు మీటరు రెయిలింగు. పక్క రోడ్డు నుంచి వచ్చే పిల్లవాడి సైకిలు స్కూటరువాడికి కనిపించాలని. ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయిని అడిగితే అక్కడ వాహనాలు తిరిగే రోడ్డు పక్కన గోడ మీటరు దాటితే పర్మిషను కావాలట. నా ఆరున్నర అడుగులు, గాజు పెంకుల సంగతి నేను చెప్పలేదు.

ఒక మిత్రుడు, "నేను 2008లో బి.పి.ఎస్. డబ్బు కట్టాను, నా గోడ కూడా రెగ్యులర్ అయిపోయినట్టే" అన్నారు. కాదండీ. ఆ పథకం మన జాగాలో మనం చేసిన అతిక్రమణకు. రోడ్డు జాగాను ఏ పథకమూ మనది చేయదు. ఎల్.ఆర్.ఎస్. కూడా అంతే. ఇప్పుడు కట్టుకునే మన పిల్లలకు ఇంకో జాగ్రత్త చెప్పాలి. 2020లో వచ్చిన టి.ఎస్. బి-పాస్ చట్టం కింద చిన్న ఇళ్ళకు సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. సంతకం మనది గనుక తప్పు రాస్తే బాధ్యతా మనదే, నోటీసు లేకుండా కూల్చే అధికారం అందులో రాసే ఉంది.

గోడ వెనక్కి జరుపుతానంటే మా అబ్బాయి ఒప్పుకోలేదు. "ఎదురింటివాళ్ళు మూడడుగులు తిన్నారు, మనమొక్కరమే హరిశ్చంద్రులమా?" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేదనను. మా ఆవిడ మాత్రం టేపు చూసి, తులసికోట చూసి, "రోడ్డు జాగాలోనా ఇన్నేళ్ళు నాచేత దీపం పెట్టించారు?" అంది. ఆ తర్వాత ఇంట్లో చర్చ లేదు.

2014లో కూల్పించాను. డి.ఏ. అరియర్స్ మొత్తం దానికే సరిపోయాయి. రెండున్నర అడుగుల గోడ, దాని పైన గ్రిల్లు, మూల కోత. గేటు లోపలికి తెరుచుకుంటుంది. తులసికోట మెట్ల పక్కకు వెళ్ళింది. రోడ్డు ఇప్పుడు 22 అడుగులు. గ్యాసు బండి ఒక్క తిప్పులో తిరుగుతోంది. మందారం మళ్ళీ వేశాను. దారిన పోయేవాళ్ళు పూజకు కోసుకుపోతున్నారు, అది వేరే సంగతి.

మీలో ఎవరికైనా మీ లేఅవుటు కాగితం చదవడం కష్టమైతే ఆదివారం ఉదయం తీసుకురండి, టేపు నా దగ్గరుంది.

ఎదురింటి ర్యాంపు మాట అడుగుతారని తెలుసు. అక్కడే ఉంది. మొన్న సంక్రాంతినాడు తెల్లవారుజామున కోడలు ముగ్గు వేస్తూంటే, ఎదురింటి పెద్దాయన ర్యాంపు అంచు నుంచి మా గోడదాకా టేపుతో కొలుస్తూ కనిపించారు. నన్ను చూసి టేపు గబుక్కున జేబులో పెట్టుకున్నారు. నేనూ చూడనట్టే లోపలికి వచ్చేశాను.