ఎరుగుట, ఎరుగబడుట

ఈ ఉదయం మన ధ్యానానికి 8వ కీర్తనను తీసుకుందాం. బైబిలు దగ్గరుంటే తెరిచి పెట్టుకోండి. ఆ కీర్తనలో దావీదు రాత్రి వేళ తలెత్తి ఆకాశం చూస్తాడు. చంద్రుడు, నక్షత్రాలు కనబడతాయి. ఇంత సృష్టి నడుమ మనిషి కూడా లెక్కలోకి వస్తాడా అని దేవుణ్ణే అడుగుతాడు.

మూడు వేల ఏళ్ల నాటి ఆ ప్రశ్న ఇంకా ముగియలేదు. ఈ విశ్వానికి ఒక ఉద్దేశం ఉందా? ఉంటే, మనలోని ఈ ఎరుక, 'నేనున్నాను' అని మనకు తెలియడం, ఆ ఉద్దేశంలో ఏ పాత్ర వహిస్తోంది? ఇది పండితుల ప్రశ్నలా వినిపిస్తుంది. కాని ప్రియులారా, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద రాత్రంతా కూర్చున్నవారికి ఇది చాలా దగ్గరి ప్రశ్న. ఎలాగో చూద్దాం.

హైదరాబాదులో అమీర్‌పేట, పంజగుట్ట మీలో చాలామందికి తెలిసినవే. మెట్రోలో ఒక స్టేషను తరువాత ఒకటి. అమీర్‌పేట అంటే నేడు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, గోడల నిండా పోస్టర్లు. అయితే ఆ అమీర్‌పేటకు ఆనుకొని, బేగంపేట హద్దులో, ఒకప్పుడు నక్షత్రశాల ఉండేదని ఎంతమందికి తెలుసు? దాని పేరు నిజామియా అబ్జర్వేటరీ. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుండి తెప్పించిన 15 అంగుళాల టెలిస్కోపుతో, ఫిసల్‌బండలో దానిని ప్రారంభించారు. ఆయన మరణించాక 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు తరలించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చింది. నేడు ఆ ప్రాంగణంలో సెస్ అనే ఆర్థిక, సామాజిక పరిశోధనా సంస్థ ఉంది.

అక్కడ జరిగిన పని వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 1887లో ప్యారిస్‌లో కూడిన ఖగోళ శాస్త్రవేత్తలు ఆకాశమంతటినీ ఫోటోలు తీసి, నక్షత్రాల పట్టిక తయారు చేయాలని తీర్మానించారు. ఆకాశాన్ని భాగాలుగా పంచుకున్నారు. ఒక భాగం తరువాతి కాలంలో మన హైదరాబాదుకు వచ్చింది. చాట్‌వుడ్, పోకాక్, తరువాత టి.పి. భాస్కరన్ గారు, వారి సహాయకులు ఏళ్ల తరబడి గాజు పలకల మీద ఒక్కొక్క చుక్కనూ కొలిచి, దాని స్థానాన్ని అంకెల్లో రాశారు. అలా లక్షల నక్షత్రాలు లెక్కకెక్కాయి. ఇదే ప్రణాళికలో వాటికన్ నక్షత్రశాలకు వచ్చిన భాగాన్ని నలుగురు క్రైస్తవ సన్యాసినులు కూర్చుని కొలిచారు. ప్రఖ్యాత శాస్త్రవేత్త వైను బప్పు గారి తండ్రి మన నిజామియాలోనే పనిచేశారు. బప్పు గారు ఆకాశం చూడడం నేర్చుకున్నది ఈ ఊరి రాత్రులలోనే. నగర దీపాల వెలుగు పెరిగాక, 1960లలో పరిశీలనా కేంద్రం జపాల్-రంగాపూర్‌కు తరలింది.

ఇప్పుడు మొదటి సంగతి గమనించండి. ఆ లక్షల నక్షత్రాలలో ఒక్కదానికైనా తాను ఉన్నానని తెలుసా? తెలియదు. మన పాలపుంతలోనే పది వేల కోట్లకు మించిన నక్షత్రాలున్నాయి. విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. ఇంత విస్తారంలో, దీపం కింద వంగి చుక్కలు కొలుస్తున్న ఒక గుమాస్తాకు నక్షత్రం సంగతి తెలుసు. నక్షత్రానికి గుమాస్తా సంగతి తెలియదు. పదిహేడవ శతాబ్దపు గణిత శాస్త్రవేత్త, విశ్వాసి అయిన పాస్కల్ మనిషిని బలహీనమైన రెల్లుపుల్లతో పోల్చాడు. కాని అది ఆలోచించే రెల్లు అన్నాడు. విశ్వం అతణ్ణి నలిపివేసినా, నలుగుతున్నానని అతనికి తెలుసు, విశ్వానికి తెలియదు, గనుక మనిషే ఘనుడని ఆయన వాదన. ఈ ఎరుక దేవుడిచ్చిన వరం. దావీదు ఆశ్చర్యపడడం కూడా ఆ వరమే. ఆశ్చర్యపడే శక్తి కొండకు లేదు, సముద్రానికి లేదు.

ఈ వరం ఎక్కడి నుండి వచ్చిందో శాస్త్రం ఇంకా వెదకుతూనే ఉంది. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. వాటిలో విద్యుత్తు ఎలా పారుతుందో కొలవగలరు. కాని ఆ ప్రవాహం వల్ల మల్లెపూల వాసన, బిడ్డ పిలుపులోని తీపి లోలోపల ఎందుకు అనుభవమవుతాయి? దీనిని 1995లో డేవిడ్ చామర్స్ అనే తత్త్వవేత్త కఠినమైన సమస్య అని పేరు పెట్టి ముందుంచాడు. నోబెల్ బహుమతి పొందిన స్టీవెన్ వైన్‌బర్గ్ 1977లో రాసిన పుస్తకం చివర, విశ్వం మనకు అర్థమయ్యే కొద్దీ దానికి ఉద్దేశం లేనట్టే కనిపిస్తోందని నిట్టూర్చాడు. మరోవైపు థామస్ నాగెల్ 2012లో, ఫిలిప్ గాఫ్ 2023లో పుస్తకాలు రాసి, ఎరుకగల జీవులు పుట్టడం కేవలం కాకతాళీయం కాదని, విశ్వపు పోకడలోనే ఏదో ఉద్దేశం ఉండవచ్చని వాదించారు. నాగెల్ తాను దేవుణ్ణి నమ్మనని చెప్పుకున్న మనిషి. అయినా ఆ తలుపు దగ్గర ఆగి తట్టాడు.

విశ్వాసులమైన మనకు ఈ రెండో మాట వినసొంపుగా ఉంటుంది. కాని జాగ్రత్త, ప్రియులారా. విశ్వమంతా మన ఎరుక కోసమే ఉంది, మనం చూస్తేనే దానికి అర్థం అని తొందరపడి అనకూడదు. ఇది రెండవ సంగతి. యోబు గ్రంథం 38వ అధ్యాయం చదవండి. దేవుడు యోబును వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. భూమికి పునాది పడిన దినాన నీవెక్కడున్నావు? ఆ దినాన ఉదయ నక్షత్రాలు కలిసి సంతోషించాయి, అప్పటికి మనిషే లేడు. మనుష్య సంచారం లేని ఎడారి మీద వాన ఎవరు కురిపిస్తున్నారు? అక్కడ పొలం లేదు, పంట లేదు, చూసేవాడు లేడు. అయినా వాన పడుతుంది, గడ్డి మొలుస్తుంది. నిజామియాలో ఫోటో పలక మీద చుక్కగా పడకముందు కూడా ఆ నక్షత్రం దేవుని ఎదుట వెలుగుతూనే ఉంది. మనం పట్టిక రాశాక దానికి విలువ రాలేదు. 147వ కీర్తన ప్రకారం, వాటిని లెక్కపెట్టి పేరు పేరునా పిలిచేవాడు వేరొకడున్నాడు.

ఇక మూడవ సంగతికి మనం పంజగుట్ట వెళ్దాం. అక్కడ నిమ్స్ ఆసుపత్రి ఉంది. ఆదిలాబాదు నుండి, శ్రీకాకుళం నుండి, ఎక్కడెక్కడి నుండో ప్రజలు అక్కడికి వస్తారు. మోటారు సైకిలు మీద నుండి పడి తలకు దెబ్బ తగిలినవారు, పక్షవాతం వచ్చినవారు. డాక్టరు వచ్చి కళ్లు తెరుస్తున్నాడా, మాట్లాడుతున్నాడా, చెప్పినట్టు చేయి కదుపుతున్నాడా అని చూసి ఒక అంకె వేస్తారు. 1974లో గ్లాస్గో నగరపు వైద్యులు రూపొందించిన కొలమానం అది. నిండు స్పృహకు 15, ఏ స్పందనా లేకపోతే 3. బయట నిలబడిన భార్యకు ఆ మూడు అనే అంకె తప్ప మరేమీ వినబడదు.

మన తెలుగులో బిడ్డ పెరుగుతుంటే ఊహ తెలిసిందంటాం. మనిషి పడిపోతే తెలివి తప్పిందంటాం. ఊహ తెలియకముందు, తెలివి తప్పిన తరువాత, ఆ మనిషి ఎవరు? ఒక సహోదరి ఇదే అడిగింది. ఆమె భర్త అలాగే పడి ఉన్నాడు. చుట్టాలు వచ్చి, "అమ్మా, అక్కడ మనిషి లేడు, ఒట్టి శరీరమే. ఎందుకింత ఆశ పెట్టుకుంటావు?" అన్నారట. "అయ్యగారూ, ఆయనకు నేనెవరో తెలియదు. ఇక ఆయన బ్రతుకుకు అర్థమేమిటి?" అన్నది ఆమె ప్రశ్న. ఎరుకే విశ్వానికి ఉద్దేశమైతే, ఎరుక పోయినవాడు ఉద్దేశం లేనివాడా? మతిమరపు జబ్బుతో కన్నకొడుకు పేరు మరచిన తల్లి సంగతేమిటి? పుట్టుకతోనే బుద్ధి ఎదగని బిడ్డ మాటేమిటి?

ముందు వైద్యుల మాట విందాం. 2006లో ఇంగ్లండులో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త బృందం, ఏ స్పందనా లేని ఒక యువతిని మెదడు స్కానింగులో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమని, తన ఇంటి గదులలో తిరుగుతున్నట్టు ఊహించుకోమని చెప్పింది. ఆరోగ్యవంతుల మెదడులో వెలిగే భాగాలే ఆమె మెదడులోనూ వెలిగాయి. ఆమె విన్నది! 2024లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, పైకి ఏ ఆజ్ఞకూ స్పందించని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, లోపల ఆజ్ఞను పాటిస్తున్నట్టు తేలింది. కాబట్టి మంచం పక్కన నిలబడి, వినడులే అనుకుని ఏది పడితే అది మాట్లాడకండి. పేరు పెట్టి పిలవండి. చేయి పట్టుకోండి. కీర్తన పాడండి.

అయితే ఒక తేడా స్పష్టంగా తెలుసుకోవాలి. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. బ్రెయిన్ డెత్ అంటే మెదడు తిరిగి పనిచేయలేనంతగా ఆగిపోవడం. యంత్రంతో ఊపిరి ఆడుతున్నా అది మరణమే. 1994 నాటి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల వ్యవధిలో రెండుసార్లు పరీక్షించి నిర్ధారిస్తేనే అవయవదానానికి వీలుంటుంది. 2013లో ఆరంభమైన జీవన్‌దాన్ కార్యక్రమం నిమ్స్ కేంద్రంగానే నడుస్తోంది. అటువంటి వేళ కన్నీళ్లతో అవయవదానానికి ఒప్పుకున్న కుటుంబం తమ వారిని విడిచిపెట్టినట్టు కాదు. ఎవరో తెలియని మనిషికి ఊపిరి పంచినట్టే.

ఇక వాక్యం ఏం చెబుతోంది? స్కానింగులో ఏమీ వెలగకపోయినా నిలిచే జవాబు మనకు కావాలి. ఆదికాండము 2వ అధ్యాయంలో ఆదాము గాఢనిద్రలో ఉన్నాడు. అతనికేమీ తెలియదు. దేవుడు అతని జీవితంలోని అతి శ్రేష్ఠమైన కార్యాన్ని ఆ గంటలోనే చేశాడు. 139వ కీర్తనలో దావీదు, తల్లి గర్భంలో తన కళ్లూ ఊహా ఏర్పడకముందే దేవుని కళ్లు తనను చూశాయని ఒప్పుకుంటాడు. గలతీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం 9వ వచనంలో పౌలు ఒక మాట మొదలుపెట్టి మధ్యలో సరిదిద్దుకుంటాడు. మీరు దేవుణ్ణి తెలుసుకున్నారు అంటూనే, అంతకన్న ముఖ్యంగా దేవుడే మిమ్మల్ని తెలుసుకున్నాడని చెబుతాడు. ప్రియులారా, మన ఆధారం అక్కడుంది. మన ఎరుక పదిహేను నుండి మూడుకు పడిపోవచ్చు. దేవుడు మనలను ఎరిగి ఉండడంలో తరుగు లేదు.

అందుకే ఆ సహోదరికి నేను చెప్పినది ఇదే. "అమ్మా, ఆయన నిన్ను గుర్తుపట్టకపోవచ్చు. కాని నీవు ఆయనను ఎరుగుదువు. రోజూ ముఖం తుడుస్తున్నావు, పేరు పెట్టి పిలుస్తున్నావు. దేవుడు మనందరినీ ఎరిగి ఉండే తీరు నీ చేతులలో కనబడుతోంది."

విశ్వం ఎందుకుంది అన్న ప్రశ్నకు పూర్తి జవాబు నా దగ్గర ఉందని చెప్పను. ప్రేమించే దేవుడు, తాను ఎరిగి ప్రేమించడానికి దీనిని చేశాడని నమ్ముతాను. మనకిచ్చిన ఎరుక ఆ ప్రేమలో పాలుపొందడానికే. అమీర్‌పేటలో ఇరుకు హాస్టల్ గదిలో ఉండి, ఉద్యోగం రాకపోతే నా బ్రతుకు దేనికని కుమిలిపోతున్న తమ్ముడా, చెల్లీ, ఈ మాట నీకు కూడా. పరీక్షలో వచ్చిన మార్కు, ఆసుపత్రిలో వేసిన అంకె, రెండూ అవసరమైన కొలతలే. మనిషి విలువను మాత్రం అవి కొలవలేవు.

ఈ వారం ఒక పని చేయండి. మీ సంఘంలో మంచాన పడినవారు, మతి తప్పినవారు ఎవరున్నారో గుర్తుచేసుకోండి. వారి ఇంటికి వెళ్లండి. వారు గుర్తుపట్టకపోయినా కూర్చోండి. వారిని చూసుకునే వ్యక్తికి ఒక పూట విశ్రాంతి ఇవ్వండి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న తండ్రీ, నక్షత్రాలను ఎరిగినవాడా, మా పేరు మేము మరచిన దినాన కూడా మమ్మును మరువనివాడవని నీకు స్తోత్రములు. ఈ వేళ ఆసుపత్రి మంచాల మీద స్పృహ లేక ఉన్న నీ బిడ్డలను, వారి పక్కన మేల్కొని ఉన్నవారిని నీ చేతులకు అప్పగిస్తున్నాము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.