జరగని ఎన్నిక, రాని విమానాలు



వియత్నాం యుద్ధంలో మలుపుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఈ మాట ఎత్తగానే అందరికీ మూడు పేర్లు గుర్తొస్తాయి: దియన్ బియన్ ఫూ, టెట్ దాడి, సైగాన్ పతనం. మూడూ ఫిరంగులు మోగిన ఘట్టాలే. పాఠ్యపుస్తకాల్లో వాటికి ఫొటోలు కూడా ఉంటాయి. నా వాదన కొంచెం అడ్డంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. 1946 నుంచి 1975 దాకా సాగిన ఆ పోరులో జరిగినవాటికన్నా జరగనివే ఎక్కువ మలుపులు తిప్పాయి.

దియన్ బియన్ ఫూని తక్కువ చేయడం లేదు. అక్కడి కొండల మీదికి హో చి మిన్ సేనాని జియాప్ ఫిరంగులు ఎక్కించలేడని అప్పటి వలసపాలకులు ఫ్రెంచివాళ్ళు ధీమాగా ఉన్నారు. జియాప్ మనుషుల్ని తాళ్ళు పట్టించి లాగించాడు, సైకిళ్ళ మీద బస్తాలకు బస్తాల బియ్యం, మందుగుండు నడిపించాడు. శత్రువు ఫిరంగుల నోరు మూయిస్తానని మాటిచ్చిన ఫ్రెంచి ఫిరంగిదళ అధికారి పిరోత్, ముట్టడి మొదలైన కొద్దిరోజులకే గ్రెనేడ్‌తో ప్రాణం తీసుకున్నాడు. 1954 మే 7న ఫ్రెంచి శిబిరం పడిపోయింది. మర్నాడే జెనీవాలో ఇండోచైనా మీద చర్చలు మొదలయ్యాయి.

యుద్ధరంగంలో గెలిచినంత జెనీవా బల్ల దగ్గర హో చి మిన్ పక్షానికి దక్కలేదు. విభజన రేఖ 13వ అక్షాంశం దగ్గర ఉండాలని వాళ్ళడిగారు. చైనా, సోవియట్ మిత్రులే నచ్చజెప్పి 17 దగ్గర ఒప్పించారు. ఎందుకు ఒప్పుకున్నారు? ఆ గీత తాత్కాలికం, రాజకీయ సరిహద్దు కాదని ఒప్పందంలో రాశారు కనుక. 1956 జూలైలో దేశమంతటా ఎన్నికలు పెట్టి ఒకటి చేస్తామన్నారు కనుక. రెండేళ్ళే కదా అనుకున్నారు.

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది. ఒప్పందం అమలును చూడడానికి వేసిన అంతర్జాతీయ పర్యవేక్షణ సంఘంలో సభ్యదేశాలు మూడు: కెనడా, పోలండ్, భారత్. అధ్యక్షత మనది. మొదటి అధ్యక్షుడు ఎం.జె. దేశాయ్. ఉత్తరాన ఏడుచోట్ల, దక్షిణాన ఏడుచోట్ల స్థిర బృందాలు ఉండాలి, రేవుల్లో, సరిహద్దు ఊళ్ళలో దిగే ఆయుధాలను లెక్క చూడాలి. ఆ 1954 అక్టోబరులోనే నెహ్రూ హనోయి వెళ్ళి హో చి మిన్‌ను కలిశారు. సంఘానికి చూసే అధికారం ఉంది, అడిగే అధికారం ఉంది, రిపోర్టు రాసే అధికారం ఉంది. ఆపే అధికారం మాత్రం లేదు. ఊళ్ళో తగవుకు పెద్దమనిషిని పిలిచి, తీర్పు మాత్రం చెప్పొద్దన్నట్టు.

ఆ గీత ఎలా ఉండేదో ఒక్క వంతెన చూస్తే తెలుస్తుంది. బెన్ హాయి నది మీద హియన్ లువాంగ్ వంతెన. సగం ఉత్తరానిది, సగం దక్షిణానిది. వంతెనంతా ఒకే రంగు ఉండాలని ఉత్తరం వాళ్ళు తమ సగానికి అవతలి రంగే పూస్తే, దక్షిణం వాళ్ళు మళ్ళీ రంగు మార్చేవారట. ఒక గట్టున జెండా కర్ర పొడవు పెంచితే రెండో గట్టున అంతకన్నా పెద్ద కర్ర నాటేవారు. లౌడ్‌స్పీకర్లు పెట్టి పొద్దస్తమానం ఒకళ్ళనొకళ్ళు తిట్టుకునేవారు. నది చూస్తే చిన్నది. అవతలి గట్టు మనిషి మొహం కనిపించేంత దూరమే.

ఇంతకీ ఎన్నిక ఏమైంది? ముందు సంప్రదింపులు 1955 జూలైలో మొదలవ్వాలి. దక్షిణాన అధికారంలో ఉన్న న్గో దిన్ దియెమ్ ఆ నెలలోనే రేడియోలో చెప్పేశాడు: ఆ ఒప్పందం మీద మేము సంతకం పెట్టలేదు, ఉత్తరాన స్వేచ్ఛగా ఓటు వేసే పరిస్థితి లేదు. ఈ మాటల్లో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. ఉత్తరాన భూసంస్కరణల పేరుతో వేలమందిని చంపారు. తప్పులు జరిగాయని 1956లో హో చి మిన్ స్వయంగా అంగీకరించాడు. అయితే స్వేచ్ఛగా ఓటు గురించి దియెమ్ చెబితే నవ్వొస్తుంది. అదే 1955 అక్టోబరులో ఆయన పెట్టిన రెఫరెండంలో ఆయనకు 98 శాతం ఓట్లు వచ్చాయి. సైగాన్‌లో నమోదైన ఓటర్లు నాలుగున్నర లక్షలు, పడిన ఓట్లు ఆరు లక్షలు. అసలు భయం వేరు. పోరు సాగుతున్న రోజుల్లోనే ఎన్నిక పెట్టి ఉంటే హో చి మిన్‌కు బహుశా 80 శాతం మంది ఓటేసేవారని అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

1956 జూలై వచ్చింది, వెళ్ళింది. ఒక్క తుపాకీ పేలలేదు. హనోయి మిత్రులు కూడా గట్టిగా అడగలేదు. 1957 జనవరిలో సోవియట్ యూనియన్ రెండు వియత్నాంలనూ ఐక్యరాజ్యసమితిలో చేర్చుకుందామని ప్రతిపాదించింది! నా దృష్టిలో యుద్ధం అసలు మలుపు ఆ నిశ్శబ్దపు జూలైయే. ఓటుతో అవుతుందనుకున్నది కాదని తేలాక మిగిలిన దారి ఒక్కటే. దక్షిణాన ఉండిపోయిన పాత కార్యకర్తలను దియెమ్ పోలీసులు వేటాడుతున్నారు. 1959లో తెచ్చిన చట్టంతో గిలటిన్‌ను ఊరూరా తిప్పారు. అదే ఏడాది జనవరిలో సాయుధ పోరాటానికి హనోయి సరేనంది, మేలో దక్షిణానికి అడవిదారి వేయడానికి ప్రత్యేక దళం పెట్టింది. మన సంఘం 1962 రిపోర్టులో రెండు వైపులా ఉల్లంఘించారని రాసింది: ఉత్తరం దక్షిణానికి మనుషుల్ని, ఆయుధాలను పంపుతోంది, దక్షిణం అమెరికా నుంచి ఒప్పందానికి మించి సైనిక సాయం తీసుకుంటోంది. పోలండ్ ఒప్పుకోలేదు. ఆ రిపోర్టును ఎవరూ పట్టించుకోలేదు.

రెండో జరగనిది 1964 ఆగస్టు 4 రాత్రిది. రెండు రోజుల ముందు టాంకిన్ సింధుశాఖలో అమెరికా నౌక మీద దాడి జరిగిన మాట నిజమే. 4న మళ్ళీ జరిగిందన్నది నిజం కాదు. వాతావరణం బాగాలేదు, రాడార్‌లో కనిపించినవి అనుమానాస్పదం అని నౌకాధికారే తంతి పంపాడు. అయినా మూడు రోజుల్లో సెనేట్ 88–2 ఓట్లతో అధ్యక్షుడు జాన్సన్‌కు చేతినిండా అధికారం ఇచ్చేసింది. 1969 నాటికి అక్కడ అమెరికన్ సైనికులు 5 లక్షల 40 వేలు దాటారు.

ఇక 1968 టెట్. వియత్నామీయుల కొత్త సంవత్సరం, మనకు ఉగాది లాంటిది. వందకు పైగా పట్టణాల మీద ఒకేసారి దాడి. హనోయిలో పగ్గాలు పట్టిన లే జువాన్ లెక్క ఏమిటంటే, మేము దాడి చేస్తే నగరాల్లో జనం తిరగబడతారు, సైగాన్ ప్రభుత్వం కూలుతుంది. జనం తిరగబడలేదు. తలుపులు వేసుకుని కూర్చున్నారు. దక్షిణాది గెరిల్లాల్లో ఏళ్ళ తరబడి తయారైన కార్యకర్తలు వారాల్లో నేలకూలారు. హ్యూ నగరాన్ని వాళ్ళు పట్టుకున్న రోజుల్లో చంపిన పౌరుల సామూహిక సమాధులు తర్వాత బయటపడ్డాయి. ఆ ఏడాది మార్చిలోనే మై లాయ్ గ్రామంలో అమెరికన్ సైనికులు ముసలీముతకా, పిల్లాజెల్లా అని చూడకుండా కాల్చారు.

సైనికంగా ఓడిన దాడి యుద్ధాన్ని ఎలా తిప్పింది? అంతకు రెండు నెలల ముందే వియత్నాంలో అమెరికా సేనల అధిపతి జనరల్ వెస్ట్‌మోర్‌లాండ్ వాషింగ్టన్ వచ్చి, ముగింపు కనుచూపు మేరలో ఉందన్నాడు. టెట్ తర్వాత మరో 2 లక్షల 6 వేల మంది సైనికులను అడిగారు. కొత్తగా వచ్చిన రక్షణమంత్రి క్లిఫర్డ్ జనరల్స్‌ను కూర్చోబెట్టి మామూలు ప్రశ్నలు వేశాడు. వీళ్ళు చాలతారా? చాలకపోతే ఇంకెంతమంది? ఎంతకాలం? ఎవరి దగ్గరా జవాబు లేదు. టీవీలో కనిపించిన రక్తం గురించి చాలా రాశారు గానీ, నన్నడిగితే ఆ గదిలో రాని జవాబే పెద్దది. మార్చి 31న జాన్సన్ మళ్ళీ పోటీ చేయనని ప్రకటించాడు.

తర్వాతి నాలుగేళ్ళు వదిలేస్తున్నాను, అవి ఎక్కువగా బాంబుల చరిత్ర. 1973 జనవరి 27న పారిస్ ఒప్పందం. అమెరికా వెళ్ళిపోతుంది, దక్షిణాన ఉన్న ఉత్తరాది సైన్యం మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడే ఉండొచ్చు. దీనికి దక్షిణ అధ్యక్షుడు థియు లబోదిబోమన్నాడు. ఉత్తరం మాట తప్పితే పూర్తి బలంతో వస్తామని నిక్సన్ ఆయనకు ఉత్తరాలు రాశాడు. 1974 ఆగస్టులో నిక్సనే దిగిపోయాడు. 1975 జనవరి 6న సైగాన్‌కు ఉత్తరాన ఫువోక్ లాంగ్ ప్రాంతం ఉత్తరాది చేతికి చిక్కింది. హనోయి నాయకులు ఆకాశం వైపు చూశారు. అమెరికా బి-52 బాంబర్లు రాలేదు. వాళ్ళకు కావలసిన సమాచారం అదే.

రెండేళ్ళ కోసం వేసుకున్న పథకం అక్కడి నుంచి పరుగందుకుంది. మార్చి 10న కొండసీమలోని బువాన్ మా థువోత్ మీద పడ్డారు.  నాలుగు రోజులకు థియు కొండసీమను ఖాళీ చేయమన్నాడు. సైనికులు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, ఊళ్ళవాళ్ళు, లారీలు, టాంకులు, అందరూ వంతెనలు కూలిన ఒకే పాడు రోడ్డు మీదికి వచ్చిపడ్డారు. ఆ ఉపసంహరణలోనే దక్షిణ సైన్యం వెన్ను విరిగింది. ఏప్రిల్ 30న సైగాన్ అధ్యక్ష భవనం గేటు విరగ్గొట్టుకుని టాంకులు లోపలికి వెళ్ళాయి.

1956లో రావలసిన దేశవ్యాప్త ఎన్నిక 1976 ఏప్రిల్ 25న వచ్చింది. అప్పటికి ఎదురు నిలబడే పార్టీ లేదు. మధ్య ఇరవై ఏళ్ళలో 58 వేలకు పైగా అమెరికన్లు, వియత్నాం ప్రభుత్వం 1995లో చెప్పిన లెక్క ప్రకారం తమ పక్షాన 11 లక్షల సైనికులు, మొత్తం మీద 20 లక్షల పౌరులు పోయారు.

చివరిగా ఒక విన్నపం. పర్యవేక్షణ సంఘం రిపోర్టులు అచ్చయి ఉన్నాయి, పరిశోధకులు చదవచ్చు. అధికారం లేని కుర్చీలో మనవాళ్ళు ఏం చూశారో, ఏం రాశారో తెలుగులో చెప్పే మంచి పుస్తకం కావాలి. ఈ సభలో చరిత్ర విద్యార్థులు ఉన్నారు. మీలో ఎవరైనా ఆ పనికి పూనుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.