నేతగాని కన్ను, చిగురు: పోచంపల్లిలో చేసిన ప్రసంగము



చిట్కి కట్టి అద్దిన నూలు, పోగుకు పోగు కలిసినప్పుడే పోచంపల్లి చీరపై పువ్వు విచ్చుకొనును. ఒక పోగు రెండుగా కనిపించు నేతగానికి ఆ పని సాగదు. అందుచేతనే థైరాయిడ్ కంటివ్యాధిని గూర్చి ఈ ఊరిలో ముచ్చటింపదలచితిమి.

మెడలోని థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయు వ్యాధిని 1835లో ఐర్లండు వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించెను. దేహమును కాపాడవలసిన రక్షణశక్తి దారితప్పి స్వంత గ్రంథిపైననే తిరుగబడుట దీనికి మూలము. ఆ పోరు కంటి వెనుక కండరములకు తగిలినచో గ్రుడ్లు ముందుకు వచ్చును, పైరెప్ప పైకి లాగుకొనిపోవును. బీడీ, చుట్ట దీనిని మరింత పెంచును.

మేము ముఖ్యముగా చెప్పవచ్చినది వేరు. దారితప్పిన ఆ శక్తి, అరుదుగానైనను, మరియొక గ్రంథిని కూడ పట్టుకొనవచ్చును. మూత్రపిండములపై టోపీలవలె నుండు అడ్రినల్ గ్రంథులు చెడుటను 1855లో థామస్ అడిసన్ వర్ణించెను. థైరాయిడ్, అడ్రినల్ రెండును ఒకే రోగిలో చెడుటను 1926లో మార్టిన్ ష్మిట్ చూపెను.

గుర్తించుట ఎట్లు? థైరాయిడ్ ఎక్కువైనవారు సాధారణముగా బాగుగా తినుచునే చిక్కిపోవుదురు. అడ్రినల్ చెడినవారికి ఆకలి నశించును, ఉప్పుపై మనసు పోవును, లేచి నిలుచుండగనే కన్నులు తిరుగును, వాంతులగును. ఒళ్లు నల్లబడును. పొలములో పనిచేయువారిని ఎండ నల్లబరచినదందురు. గుంటమగ్గములో నీడపట్టున కూర్చున్నవాడు నల్లబడుటకు కారణమేమి? అరచేతి గీతలు చూడుమని వైద్యులు నేర్తురు. అద్దకము చేయు చేతులలో రంగే నిలిచియుండును గనుక, ఇచ్చట చిగుళ్లు, బుగ్గల లోపలిభాగము, గాయపు మచ్చలు చూచుట మేలు. కొందరి చిగుళ్లు పుట్టుకతోనే నల్లనివి. క్రొత్తగా వచ్చిన నలుపే లెక్క. ఆసు పోయు స్త్రీల అలసటను పనిపై నెట్టివేయుట మామూలు. ఈ వ్యాధులు స్త్రీలలోనే హెచ్చు.

చికిత్స తరువాత థైరాయిడ్ మందగించినవారికి థైరాక్సిను మాత్ర వ్రాయుదురు. అడ్రినల్ లోపము తెలియక ఆ మాత్ర మొదలుపెట్టినచో, ఒంట మిగిలిన కొద్దిపాటి కార్టిసాలు త్వరగా ఖర్చయి ప్రాణాపాయము కలుగవచ్చును. కనుక పై గుర్తులను ముందే వైద్యునితో చెప్పవలెను. వాడుచున్న మాత్రను మాత్రము ఎవరికివారు మానరాదు. ఉదయము తీయు కార్టిసాలు పరీక్ష, సోడియము, పొటాషియము, చక్కెర పరీక్షలతో చాలవరకు సంగతి తేలును. మనదేశమున క్షయ కూడ అడ్రినల్‌ను చెరచును, దానినిగూడ వెదకవలెను. లోపమున్నదని తేలినచో మందు కలదు. అది జీవితాంతము వాడవలసినది.

మన జిల్లాలోనే బీబీనగరున అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ యున్నది. హైదరాబాదున ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రులున్నవి. వెళ్లునప్పుడు పాత మందుచీటీలతోపాటు, రెండుమూడేండ్ల క్రిందటి ఫోటో ఒకటి తీసికొనిపొండు. కన్నెంత ఉబ్బినదో, రంగెంత మారినదో వైద్యునకు దానివలన తెలియును.