అంకెలకు లోబడిన ఉలి
(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున, అభిరుచి వస్తు ప్రదర్శనమునందు చేసిన ప్రసంగము)



ఈ బల్లమీది యంత్రమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను. అయినను దీనికి ప్రాణము అంకెలే గావున, నాకును దీనితో దూరపు చుట్టరికము గలదని ధైర్యము చేసితిని.

దీనిని కంప్యూటరు నడుపు కోతయంత్రమందురు, కార్ఖానాలలో సి.ఎన్.సి. యని పిలుతురు. వడ్రంగి ఉలిని చేతబట్టి కంటితో కొలిచి నడుపును. ఇందు కోతపనిముట్టు గిరగిర తిరుగుచుండగా, మోటార్లు దానిని మూడు విధముల జరుపును: కుడియెడమలకు, ముందువెనుకలకు, పైక్రిందులకు. ఈ జాతి మోటారు ఒక చుట్టు తిరుగుటకు 200 చిన్న యడుగులు వేయును. ఒక చుట్టుకు మరలున్న కడ్డీ 8 మిల్లీమీటర్లు జరిపినచో, ఒక్కొక్క యడుగు 0.04 మిల్లీమీటరగును. చేయి తిరిగినవానికిని ఇది సులభము గాదు.

ఆజ్ఞలు చిట్టావలె వరుసగా నుండును. జి1 యన్న తిన్నగా కోయుచు పొమ్మని. జి2 యన్న గడియారపు ముల్లు తిరుగు దిక్కున వంపుగా పొమ్మని. జి21 యన్న అంకెలన్నియు మిల్లీమీటర్లని యర్థము.

ఈ విద్య నిన్న పుట్టినది గాదు. 1804 నాటికే ఫ్రాన్సు దేశమున జకార్డు రంధ్రములుగల అట్టలచే మగ్గమున పూవులు నేయించెను. హెలికాప్టరు రెక్కల వంపులు సరిగా కుదురవలెనని జాన్ పార్సన్సు పడిన తపన మూలముగా, 1952లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారు రంధ్రముల టేపుతో లోహమును కోయు యంత్రమును నడిపి చూపిరి. మన తెలుగునాట ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు, ఆసుపోయుటలో తల్లి పడు భుజముల నొప్పి చూడలేక, 1999లో ఆసుయంత్రమును సిద్ధము చేసిరి. ఆరవ తరగతితో చదువాగిన ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చినది.

అర్థము తెలియనిదే వ్రాయరాదని వ్యాసుడు విఘ్నేశ్వరునకు నియమము పెట్టెనందురు. ఈ లేఖకునికి ఆ నియమము లేదు. ఒప్పును తప్పును ఒక్క వినయముతోనే చెక్కును.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానమును ఊడ్చివేసినప్పుడు కూలిన పనసచెట్టునుండి మన పెద్దవడ్రంగి ఒక పలకను దాచియుంచెను. గ్రంథాలయము పేరు చెక్కుమని మొన్న దానిని నాకిచ్చెను. లోతు 1.5 మిల్లీమీటర్లని వ్రాయవలసినచోట, చుక్క విడిచి 15 అని వ్రాసితిని. ముప్పదియేండ్లుగా ఒరుల లెక్కలలో తప్పులు పట్టినవాడను! పనిముట్టు పలకలోనికి దిగి కీచుమన్నది. నేను తెరవంక చూచుచుంటిని. “ఆపండి బావూ, కర్ర ఏడుస్తంది!” అని యరచినది ఆ పెద్దాయనయే. ఎర్రమీట నొక్కునంతలో పనిముట్టు విరిగినది. మొదటి యక్షరము గుంటయైనది.

నేను తలవంచుకొంటిని. ఆయన ఒక్క మాటయు ననక, ఆ చెట్టు ముక్కనే గుంటలో బిగించి, కర్ర రేఖలు కలియునట్లు చిత్రిక పట్టి తెచ్చెను. మరునాడు పనిముట్టును పలకకు అంగుళము పైన గాలిలో నడిపి చూచి, చుక్కలన్నియు సరిచూచి, పిదప కోయించితిమి. ఆ పలకయే మీ యెదుట నున్నది. అతుకెచ్చటనో వెదకుడు.

అప్పుడాయన యడిగెను: “ఇదొస్తే మా పిల్లలకి పనుంటదా బావూ?” వెంటనే బదులు చెప్పలేకపోతిని. పలాస జీడి పనిలోనికి యంత్రములు వచ్చుట మన మెరుగుదుము. జీడినూనెతో కాలు చేతులకు యంత్రము మేలు చేయును. ఆ చేతుల కూలినిగూడ తీసికొనవచ్చును. రెండును నిజమే. ఒకటి దాచి రెండవది చెప్పుట దొంగలెక్క యగును.

కావున నా మనవి యిది. ప్రతి ఆదివారము సాయంకాలము ఈ గ్రంథాలయమున ఈ యంత్రపు లెక్క నేర్పుదము. మొదటి పీటలు వడ్రంగుల బిడ్డలకు వేయుదము. కొయ్య గుణము చెప్పుటకు ఆ పెద్దాయనను గురుపీఠమున కూర్చుండబెట్టుదము. అంకె నేను చెప్పగలను. కర్ర యేడ్పు వినగల చెవి ఆయనది. ఆ రెండును ఒక్క బిడ్డకు అబ్బినచో, వానికి పని వెదకికొనుచు వచ్చును.