వేసవి సెలవులు - పరిశోధనశాల
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము రైల్వే గుమాస్తాలము. మెట్రిక్ దాటి చదువలేదు. సైన్సును గూర్చి మాట్లాడుటకు మాకేమి అర్హత అని మీరడుగవచ్చును. మన సంఘంలోని ఒక ఇంట వచ్చిన తగవు మమ్మల్నిక్కడ నిలబెట్టినది. ఆ ఇంటివారి అనుమతితోనే చెప్పుచున్నాము.

బి.యస్సీ. చదివే వారి అమ్మాయికి, హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయ పరిశోధనశాలలో వేసవి రెండు నెలలు పనిచేసే అవకాశం వచ్చినది. తండ్రిగారు, "ఆ రెండు నెలలు బ్యాంకు పరీక్షకు చదివితే ఉద్యోగం వస్తుంది. గాజు గొట్టాలు కడిగితే ఏమొస్తుంది?" అన్నారు. మమ్మల్ని మధ్యవర్తిగా పిలిచినారు. మొదట మేమూ ఆయన పక్షమే.

తరువాత చంద్రశేఖర్ గారి చరిత్ర చదివినాము. ఆయన తండ్రి మా రైల్వే లెక్కల శాఖలోనే పెద్ద అధికారి. కొడుకు ఐ.సి.యస్. కావాలని ఆయన కోరిక. తల్లి సీతాలక్ష్మి గారు మాత్రం కొడుకు పక్షం. 1928 వేసవిలో, పదిహేడేళ్ల వయసున, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ విద్యార్థిగా ఆయన కలకత్తాలో పినతండ్రి సి.వి. రామన్ గారి పరిశోధనశాలకు పోయినారు. రామన్ గారు మన విశాఖపట్నంలో చదువుకొని, పదకొండవ యేటనే మెట్రిక్ ప్యాసయినవారు. 1907 నుంచి పదేళ్లు ప్రభుత్వపు లెక్కలు చూచుకొంటూ, కలకత్తాలో ఉన్నప్పుడు ఉదయ సాయంకాలాలు ఆ శాలలో గడిపినారు. (మేమైతే ఆఫీసు వదలగానే మంచమెక్కుతాము.)

కుర్రవాడు చేరేనాటికి రామన్ గారి విషయం బయటపడి కొద్ది నెలలే. ఒకే రంగు వెలుగును ద్రవంలోకి పంపితే, చెదరి వచ్చే వెలుగులో రవ్వంత పాలు రంగు మారి ఉంటుంది. ఆ మార్పు ఆ ద్రవపు అణువుల ఆనవాలు. 1928 ఫిబ్రవరి 28న తేలిన సంగతిది. అప్పటికింకా పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు. దానిని పుట్టినచోటనే చూచినవాడికీ, పరీక్షకు వల్లించినవాడికీ భేదముండదా? ఆ సంవత్సరమే చంద్రశేఖర్ గారి తొలి వ్యాసం అచ్చయినది. తెల్ల మరుగుజ్జు నక్షత్రాల బరువుకు హద్దున్నదని 1930లో ఇంగ్లండు పోయే ఓడలో లెక్క కట్టినారు. నోబెల్ బహుమానం మాత్రం 1983లో గాని రాలేదు.

అందరి పిల్లలూ చంద్రశేఖర్లు కారని తండ్రిగారు మాకు జవాబు చెప్పినారు. నిజమే. ఆ అమ్మాయి మాత్రం, "అక్కడ నేను చేసే పనికి జవాబు పుస్తకం వెనుక ఉండదు మామయ్యా" అన్నది. దానికి మా దగ్గర జవాబు లేకపోయినది.

ఆయన ఇంకా ఊ అనలేదు. మేము మాత్రం మే నెలకు హుబ్బళ్లి నుంచి ఒక టిక్కెట్టు తీసి ఉంచినాము. రద్దు చేసుకొనుటకు గడువున్నది.